దస్తూరీని దాచిన మహనీయులు

తెలుగు సాహిత్య చరిత్రలో ఒక వింత ఉంది. నన్నయ, తిక్కన, శ్రీనాథుడు, పోతన వంటి మహాకవులలో ఏ ఒక్కరి చేతివ్రాత కూడా నేడు మన కంటికి కనిపించదు. పిల్లలు వల్లించే పద్యాలన్నీ ప్రతికి ప్రతిగా, ఆ ప్రతికి మరొక ప్రతిగా తరతరాల లేఖకుల చేతుల మీదుగా నడిచి వచ్చినవే. తాటాకు మీద గంటంతో గీచి, మసి పూసి, పైనా క్రిందా చెక్కపలకలు ఉంచి, త్రాటితో బిగించి అటక ఎక్కించిన కట్ట మన ఉష్ణదేశంలో రెండు మూడు వందల ఏళ్ళకు మించి నిలవడం అరుదు. ఆ గడువులోగా ఎవరో ఒకరు పూనుకొని మరో కట్ట వ్రాయకపోతే కావ్యం కాలగర్భంలో కలిసిపోయినట్లే. ప్రతి చివర లేఖకుడు తన పేరూ, సంవత్సరం పేరూ వ్రాసుకొని, తప్పులుంటే దిద్దుకొమ్మనీ, నూనె నుంచీ నీటి నుంచీ వదులైన కట్టు నుంచీ పుస్తకాన్ని కాపాడుమనీ చదువరులను వేడుకొనేవాడు. కవి సంతకం లుప్తమై లేఖకుడి సంతకం మిగలడం మన సాహిత్యానికి పట్టిన విచిత్రగతి.

కాగితం, సిరా, తపాలా బాగా వ్యాప్తిలోకి వచ్చిన పిమ్మట ఈ స్థితి మారింది. రచయిత స్వదస్తూరితో వ్రాసిన జాబు, కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి, క్రింద చేవ్రాలు, ఇవన్నీ మిగలడానికి అవకాశం ఏర్పడింది. అవకాశం ఏర్పడినంత మాత్రాన మిగిలాయని కాదు. మిగిలిన ప్రతి లేఖ వెనుకా దానిని దాచిన ఒక మనిషి, దాచినదానిని తగిన చోటికి చేర్చిన మరొక మనిషి ఉన్నారు. కొన్ని సందర్భాలలో ఆ ఇద్దరూ ఒక్కరే.

ఊత్తంగరై వాసులకు దగ్గరి ఉదాహరణతోనే ఆరంభించవచ్చు. 1792లో టిప్పుసుల్తానుతో జరిగిన శ్రీరంగపట్నం సంధి ఫలితంగా బారామహల్ ఈస్టిండియా కంపెనీ వశమైంది. నేటి కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు ప్రాంతాలు అప్పటి బారామహల్‌లోనివే. దాని పాలనకై నియమితుడైన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వద్ద సహాయకుడుగా 1799 వరకు పనిచేసినవాడు థామస్ మన్రో. అతడు ఈ నేల మీద గుడారాలలో తిరుగుతూ, రైతుల భూములు కొలిపిస్తూ, గ్లాస్గోలోని తల్లిదండ్రులకూ సోదరికీ తీరిక దొరికినప్పుడల్లా ఉత్తరాలు వ్రాసేవాడు. ఇంటివారు వాటిని పారవేయలేదు. 1827లో మన్రో మరణించగా, 1830లో గ్లైగ్ అనే రచయిత ఆ కుటుంబం దాచిన లేఖల సాయంతోనే అతని జీవితచరిత్రను సంపుటాలుగా ప్రకటించాడు. సర్కారు దస్త్రాలలో శిస్తు లెక్కలు ఉంటాయి. ఆ లెక్కలు కట్టిన మనిషి అలసటా, చమత్కారమూ, ఇంటి మీది బెంగా మాత్రం ఆ ఉత్తరాలలోనే ఉన్నాయి.

ఆ మన్రోయే 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. కంపెనీ ఉద్యోగులు ప్రజల భాష నేర్వవలసినదేనని పట్టుబట్టిన ఆ ప్రభువు ఏలుబడిలో, అదే ఏట కడపలో ఉద్యోగంలో చేరిన యువకుని పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించాడు. 1817లో మద్రాసు చేరి తెలుగు అభ్యసించాడు. అబ్బే దుబాయ్ గ్రంథంలో వేమన ప్రస్తావన చూచి ఆసక్తి కలిగి, వేమన పద్యాల ప్రతులకై వెదుకులాట మొదలుపెట్టాడు. తెచ్చిన ప్రతులు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. ఒక దానిలో ఉన్న పద్యం మరొక దానిలో లేదు, ఉన్నచోట పాఠం వేరు. ఎన్నో ప్రతులు దగ్గర పెట్టుకొని, సరిచూచి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించాడు. పదేళ్ళ తరువాత వచ్చిన 1839 ముద్రణలో ఆ సంఖ్య 1,164కు పెరిగింది. నడుమ ఉన్న ఆ పదేళ్ళలో సేకరణ ఆగలేదని ఈ అంకెలే చెబుతున్నాయి.

కడపలో బ్రౌన్ బంగళా ఒక చిన్న విద్యాపీఠం వలె ఉండేది. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలైన పండితులు, వ్రాయసగాండ్రు అక్కడ కుదిరారు. వారి జీతాలు బ్రౌన్ సొంత సంపాదన నుంచి, చాలనప్పుడు అప్పు నుంచి వచ్చేవి. ఊరూరికీ మనుషులను పంపి, అరువుగానో వెలకో తాళపత్రాలు తెప్పించి, కాగితం మీదికి ఎత్తించి, పాఠాలు సరిచూపించి, బైండు కట్టించేవాడు. తాళపత్రం నుంచి కాగితానికీ, కాగితం నుంచి అచ్చుకూ సాగిన ఈ ప్రయాణంలో పండితుల పాలు తక్కువేమీ కాదు. మనుచరిత్రకూ వసుచరిత్రకూ వ్యాఖ్యలు వ్రాసిన అప్పయ్యగారిని తలచుకోకుండా బ్రౌన్‌ను ఒక్కనినే పొగడడం న్యాయం అనిపించుకోదు.

1830ల నడుమ బ్రౌన్ సెలవు మీద లండన్ వెళ్ళాడు. విశ్రాంతి తీసుకోవలసిన మనిషి ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న దక్షిణభారత వ్రాతప్రతులను చూచాడు. చదివేవారు లేని ఆ చోట అవి ఉండి ప్రయోజనం లేదని అధికారులకు నచ్చజెప్పి, రెండు వేలకు పైగా ప్రతులను తిరిగి మద్రాసుకు పంపించేటట్లు చేశాడు. తూర్పు నుంచి పడమటికి గ్రంథాలు తరలిపోయిన ఆ యుగంలో, ఎదురు దిక్కున ఇన్ని ప్రతులను నడిపించిన సీమదొర మరొకడు కనిపించడు. తన సొంత సేకరణను కూడా ఆయన 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అమ్ముకొని ఉంటే కొన్ని అప్పులైనా తీరి ఉండేవి.

ఇక్కడ మరి ముగ్గురు సోదరుల పేర్లు చెప్పాలి. కల్నల్ కాలిన్ మెకంజీ పేరిట ప్రసిద్ధమైన స్థానిక చరిత్రల, శాసనాల, వ్రాతప్రతుల భాండాగారానికి కాళ్ళూ కళ్ళూ ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ పనిని కొనసాగించడానికి లక్ష్మయ్య ముందుకు వచ్చినా, ఒక దేశీయుని చేతిలో అంతటి కార్యాన్ని పెట్టడానికి కలకత్తాలోని పెద్దలు ఒప్పుకోలేదు. 1869లో మద్రాసులో ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఏర్పడినప్పుడు మెకంజీ, లేడన్, బ్రౌన్ సేకరణలే దానికి పునాది అయ్యాయి. ఆ గ్రంథాలయంలో పనిచేసిన మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రిగార్లు తరువాతి కాలంలో ఎన్నో కావ్యాలను వెలికి తీశారు. నన్నెచోడుని కుమారసంభవాన్ని తంజావూరు సరస్వతీ మహలు ప్రతి ఆధారంగా రామకృష్ణకవి 1909లో ప్రకటించేదాకా ఆ కవి ఉనికినే లోకం మరచిపోయింది.

ఇంతవరకు చెప్పినది ప్రతుల మాట. రచయిత స్వహస్తం మాట వచ్చేసరికి గురజాడ అప్పారావుగారి వద్ద ఆగవలసి ఉంటుంది. 1862లో పుట్టి 1915లో దివంగతులైన గురజాడవారు దినచర్యలు వ్రాసుకొన్నారు, మిత్రులతో విస్తారంగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉంది. వాడుకభాష కోసం పోరాడిన మహాకవి తన మనసులోని మాటను ఆంగ్లంలో వ్రాసుకొన్నాడన్నది ఆ కాగితాలు దక్కినందువల్లే తెలిసిన సంగతి. కన్యాశుల్కం మీద రచయిత స్వీయాభిప్రాయం కోసం పరిశోధకులు నేటికీ ఆశ్రయించేది ఒంగోలు మునిసుబ్రహ్మణ్యంగారికి ఆయన వ్రాసిన లేఖలనే. అసంపూర్ణంగా నిలిచిపోయిన కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు కూడా రచయిత మరణానంతరం వ్రాతకాగితాల నుంచి వెలుగు చూసినవే.

ఆ కాగితాలను అవసరాల సూర్యారావుగారు ఎంతో శ్రమకోర్చి పరిష్కరించగా, విశాలాంధ్ర ప్రచురణాలయం వారు లేఖలనూ దినచర్యలనూ పాఠకలోకానికి అందించారు. నూట యాభయ్యవ జయంతి సందర్భంగా 2012లో మనసు ఫౌండేషన్ పూనికతో ‘గురుజాడలు’ అనే సర్వలభ్య రచనల సంపుటం వెలువడింది. హోసూరు పొలిమేర దాటగానే ఉన్న బెంగుళూరులో నెలకొన్న సంస్థ ఇంతటి పని చేయడం, తెలుగు రాష్ట్రాల వెలుపలి తెలుగువారికి ప్రత్యేకంగా సంతోషం కలిగించే విషయం.

వ్రాతప్రతులకే గాక అచ్చు పుస్తకాలకు కూడా ఈ గతి పట్టగలదని నిరూపించినవాడు బంగోరె. అసలు పేరు బండి గోపాలరెడ్డి. కన్యాశుల్కాన్ని లోకం 1909 నాటి రెండవ కూర్పులోనే చదువుతూ వచ్చింది. 1897 నాటి తొలి కూర్పు దాదాపు అదృశ్యమైన తరుణంలో దానిని సంపాదించి 1969లో పునర్ముద్రించాడు. బ్రౌన్ లేఖలను వెదికి పట్టి ప్రకటించినవాడు కూడా అతడే. ఇటువంటి పనికి జీతం ఉండదు, ఉన్నా చాలదు. నలభై అయిదేళ్ళు నిండకుండానే 1982లో బంగోరె అస్తమించాడు. కడపలో బ్రౌన్ నివసించిన చోటు శిథిలమై ఉండగా, అక్కడ ఒక స్మారక గ్రంథాలయం నిలవాలని ఊరూరా చందాలు పోగుచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు కూడా ఆ కోవలోనివారే. ఆయన వృత్తిరీత్యా అధ్యాపకులు.

ఊత్తంగరై నుంచి తూర్పుగా సాగే బాట తిరువణ్ణామలై చేరుస్తుంది. కార్తిక దీపానికి వెళ్ళివచ్చే కుటుంబాలకు అది చిరపరిచితమైన మార్గం. తెలుగు గద్యాన్ని ఒక కుదుపు కుదిపిన గుడిపాటి వెంకటచలం 1950లో విజయవాడ విడిచి ఆ కొండ నీడకు చేరి, 1979 మే 4న మరణించేదాకా అక్కడే నివసించారన్నది నేటి విద్యార్థులలో చాలామందికి తెలియని సంగతి. దాదాపు ముప్పై ఏళ్ళపాటు చలంగారి ఉత్తరాలు తమిళదేశపు తపాలా ముద్రతో ఆంధ్రదేశానికి వెళుతుండేవి. సాహిత్య మిత్రులూ, ఎన్నడూ ముఖం చూడని పాఠకులూ వాటిని అందుకొన్నారు.

ఆయన లేఖలలో ప్రసిద్ధికెక్కినవి చింతా దీక్షితులుగారికి వ్రాసినవి. దీక్షితులుగారు విద్యాశాఖలో పనిచేసినవారు, పిల్లలకోసం కమ్మని కథలు వ్రాసినవారు. స్వభావంలో ఇద్దరికీ ఎంత దూరమో చెప్పనక్కరలేదు. ఒకరు సంఘంతో తగవు పెట్టుకొని బ్రతికారు, మరొకరు అందరికీ ఇష్టులై బ్రతికారు. అయినా స్నేహం చెడలేదు. ఆ లేఖలు ‘చలంగారి ఉత్తరాలు చింతా దీక్షితులుగారికి’ అన్న పేరుతో గ్రంథరూపం పొందాయి. కథలలో నిప్పులు కురిపించిన రచయిత, ఆప్తుని ముందు ఎంత సందేహంతో, ఎంత మెత్తదనంతో మాట్లాడతాడో తెలియాలంటే ఈ ఉత్తరాలు చదవాలి. ఆయనదే ‘ప్రేమలేఖలు’ అన్న మరో గ్రంథం ఉంది. అది సృజనాత్మక రచన. పేరును బట్టి ఆ రెంటినీ ఒకే గాట కట్టడం పొరపాటు. మొదటిదానిలోని లేఖలు నిజంగా తపాలాలో ప్రయాణం చేసి ఒక వ్యక్తి చేతికి అందినవి.

పాశ్చాత్య దేశాలలో ఈ సేకరణ ఒక పెద్ద వ్యాపకం, పెద్ద వ్యాపారం కూడా. వియన్నాలో పుట్టిన రచయిత స్టెఫాన్ జ్వైగ్ విద్యార్థి దశ నుంచే రచయితల, సంగీతకారుల చిత్తుప్రతులు సేకరించాడు. సంతకం ఒక్కటే ఉన్న కాగితం కంటె, కొట్టివేతలూ చేర్పులూ ఉన్న ప్రతియే ఆయనకు ప్రియం. భావం పుట్టే క్షణం దానిలో దొరుకుతుందని ఆయన నమ్మకం. ఆ సేకరణలోని మేలిభాగాన్ని ఆయన వారసులు 1986లో బ్రిటిష్ లైబ్రరీకి దానం చేశారు.

ఎక్కడ వెల ఉంటే అక్కడ మోసం ఉంటుంది. ఫ్రాన్సులో మిషెల్ షాల్ అనే మహాగణితవేత్తకు వ్రాన్ లుకా అనేవాడు 1860లలో దాదాపు 27,000 దొంగ లేఖలు అమ్మాడు. వాటిలో క్లియోపాత్రా వ్రాసినవి, అలెగ్జాండరు అరిస్టాటిల్‌కు వ్రాసినవి కూడా ఉన్నాయి. అన్నీ ఫ్రెంచి భాషలో, కాగితం మీద! గణితంలో అంతటి సూక్ష్మబుద్ధి గల పండితునికి ఆ సందేహం ఏళ్ళ తరబడి కలగలేదంటే, సేకరణ మీది మోహం మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో ఊహించవచ్చు. 1870లో లుకాకు రెండేళ్ళ శిక్ష పడింది.

ఈ వ్యాపకంలోకి ఒక తెలుగువాడు అడుగుపెట్టి ఆంగ్లేయుల మన్నన పొందాడు. గూటాల కృష్ణమూర్తిగారు 1932లో పర్లాకిమిడిలో జన్మించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరది. 1936 నుంచి ఒడిషాలో ఉన్నా తెలుగు వినిపించే ఊరు, ఒక విధంగా ఊత్తంగరైకి చుట్టమే. కృష్ణమూర్తిగారు లండన్‌లో స్థిరపడి, ఆంగ్లకవి ఫ్రాన్సిస్ థామ్సన్ పేరిట 1963లో ఒక సంఘం స్థాపించారు. పిమ్మట అది 1890ల నాటి రచయితలందరికీ విస్తరించి ఎయిటీన్ నైంటీస్ సొసైటీ అయింది. 1973లో ఆ దశాబ్ది సాహిత్యంపై లండన్‌లో జరిగిన ప్రదర్శనకూ, 1991లో ఆనాటి రచయిత్రులపై జరిగిన ప్రదర్శనకూ పట్టికలు కూర్చినవారు ఆయనే. ఆంగ్లేయులు మరచిన తమ రచయిత్రులను ఒక తెలుగు సేకర్త వారికి జ్ఞాపకం చేయడం చిన్న విషయమేమీ కాదు.

తెలుగువారికి ఆయన చేసిన ఉపకారం వేరొకటి ఉంది. 1981లో లండన్ నుంచి శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ కావ్యాన్ని కవి స్వదస్తూరితోనే అచ్చు వేయించారు, కవి కంఠధ్వనిని టేపు మీద కెక్కించి జత చేశారు. అచ్చులో ఆ కావ్యం 1950 నుంచీ తెలుగువారికి కంఠస్థమే. ఆ అక్షరాలను కవి చేయి ఎలా చుట్టిందో మాత్రం అప్పుడే వేలాదిమందికి కనబడింది. రెండేళ్ళకు, 1983 జూన్ 15న, శ్రీశ్రీ మరణించారు. ఒక్క ఇనప్పెట్టెలో దాచితే ఒక్కరికే దక్కే దస్తూరిని ఈ విధంగా ఇంటింటికీ పంచవచ్చునన్న ఊహ సేకర్తలలో అందరికీ కలగదు.

మన దేశంలో సంతకాల సరదా ఎక్కువగా పాఠశాలల్లోనే కనిపించేది. వీడ్కోలు రోజున రంగురంగుల ఆటోగ్రాఫు పుస్తకాలు చేతులు మారడం పూర్వవిద్యార్థులందరికీ అనుభవమే. గాంధీజీ తన సంతకానికి అయిదు రూపాయలు వసూలు చేసి హరిజన నిధికి జమ కట్టేవారు. ఆ మహాత్ముని లేఖలే వేలానికి రానున్నప్పుడు, మిత్రుడు కాలెన్‌బాక్ కుటుంబం వద్ద ఉన్న పత్రాలను భారత ప్రభుత్వం 2012లో పెద్ద మొత్తం చెల్లించి కొనవలసి వచ్చింది.

ఉత్తరానికి ఇద్దరు యజమానులు ఉంటారన్న సంగతి చాలామందికి తెలియదు. కాగితం అందుకొన్నవారిది, అందులోని రచన మీది హక్కు వ్రాసినవారిది, వారి తదనంతరం వారసులది. కనుక దాచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గాని, అచ్చు వేయడానికి కావాలి. మన దేశంలో రచయిత జీవితకాలంలో ప్రకటితమైన రచనలకు ఆ హక్కు మరణానంతరం అరవై ఏళ్ళు ఉంటుంది.

దాచే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. మమకారం కొద్దీ పాత లేఖలకు ప్లాస్టిక్ తొడుగు కరిగించి అతికించడం, చిరుగులకు సెలోటేపు వేయడం, గుండుసూదులు గుచ్చడం కాగితానికి చేటు. మడతలు విప్పి, చదునుగా, చీకటిగా, తేమ తగలని చోట ఉంచితే చాలు. కవరును పారవేయరాదు. చాలామంది రచయితలు లేఖ మీద తేదీ వేసినా సంవత్సరం వేయరు. ఆ సంవత్సరం తెలిపేది తపాలా ముద్ర ఒక్కటే. తపాలా బిళ్ళల సరదాలో కవరు మూల కత్తిరించిన బాలుడు తెలియకుండానే ఒక చారిత్రకాధారాన్ని కత్తిరించినవాడవుతాడు.

1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం, శాస్త్ర, చరిత్ర, సాహిత్య, కళా విలువ గల వ్రాతప్రతి గాని, పత్రం గాని డెబ్బయి అయిదేళ్ళ వయసు దాటితే పురావస్తువుగా లెక్కకు వస్తుంది. దానిని దేశం వెలుపలికి తరలించడం నిషిద్ధం. 2003లో ఆరంభమైన జాతీయ వ్రాతప్రతుల పరిరక్షణ పథకం కూడా ఆ వయసునే కొలతగా పెట్టుకొంది. ప్లాటినం జయంతి జరుపుకొంటున్న ఒక పాఠశాలకు ఆ అంకె ఏమిటో వివరించనక్కరలేదు. తొలి ఏటి ప్రవేశ పట్టికలో తండ్రులు తెలుగులో చేసిన చేవ్రాళ్ళు, వేలిముద్రల ప్రక్క గుమాస్తా వ్రాసిన పేర్లు, ఆనాటి ఉపాధ్యాయుల సెలవుచీటీలు, ఏ విద్యార్థి ఇంటి అటక మీదనైనా తిరువణ్ణామలై ముద్రతో మిగిలి ఉన్న ఒక కార్డు, ఇవన్నీ ఆ వయసుకు చేరినవో, చేరబోతున్నవో. వాటిలో ఏది పట్టికకెక్కవలసినదో, ఏది ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరవలసినదో తేల్చే పని ఇంకా మొదలు కావలసి ఉంది.